చాటింపు వేయించు అధికారమెవరిది?
రాజ్యము, సార్వభౌమత్వము, రాజ్యాంగము – పంచాయతీ సభ్యుల కొరకు ఒక వివరణ

ఒక గ్రామమున ఒకే దినమున రెండు చాటింపులు వినబడినవని అనుకొందము. ఉదయము డప్పు మ్రోగినది: ఇంటిపన్ను బకాయి గలవారు మాసాంతములోగా గ్రామపంచాయతీ కార్యాలయమున సొమ్ము చెల్లించి రశీదు పొందవలెనని. సాయంకాలము అదే డప్పు మరల మ్రోగినది: ఫలానా కుటుంబము ఊరి కట్టుబాటు తప్పినది గావున ఏబదివేల రూపాయల దండుగ చెల్లించువరకు వారితో ఎవరును మాట్లాడరాదు, దుకాణములో సరకు ఇయ్యరాదు, వారి పొలమునకు కూలికి పోరాదు, మాట తప్పినవారికిని దండుగ తప్పదు అని. మొదటి చాటింపు పంచాయతీ వేయించినది. రెండవది ఊరి పెద్దలు కొందరు కూడి తమకు తాముగా ఏర్పరచుకొన్న సంఘము వేయించినది.

డప్పు ఒక్కటియే, వీధులు అవియే, విన్న జనులు వారే. భయమును బట్టి చూచినచో రెండవ చాటింపే గట్టిది. అయినను చట్టబలము గలది మొదటిది మాత్రమే. రెండవది చట్టము దృష్టిలో వట్టి మాట. అనేక సందర్భములలో నేరము గూడ. ఇది ఏల ఇట్లయినది? గ్రామస్థులు నూటికి తొంబదిమంది రెండవ చాటింపునకు తలయూపినను అది ఏల చెల్లదు? పంచాయతీకి లేని గొప్పతనమేమి ఆ సంఘమునకు లేకపోయినది?

ఈ ప్రశ్నలు మన గ్రామములలో కొత్తగా పుట్టినవి కావు. రాజ్యమనగా నేమి, దానికి అధికారము ఎచటినుండి వచ్చినది, ఆ అధికారమునకు హద్దు ఎవరు గీయుదురు అని రెండువేల యేండ్లకు పైగా మేధావులు ఆలోచించుచున్నారు. వారి ఆలోచనలను జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల చరిత్రతో జోడించి పంచాయతీ సభ్యుల ముందుంచుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

రాజ్యమనగా నేమి?

రాజనీతి శాస్త్రజ్ఞులు రాజ్యమునకు నాలుగు లక్షణములు చెప్పుదురు. జనులు, భూభాగము, ప్రభుత్వము, సార్వభౌమత్వము అనునవి ఆ నాలుగు. మొదటి మూడును గ్రామమునకు గూడ కలవు. గ్రామములో జనులున్నారు, పొలిమేర యున్నది, పాలించుటకు పంచాయతీ యున్నది. అయినను గ్రామము రాజ్యము కాదు. నాలుగవ లక్షణము దానికి లేదు. తనపై మరియొక అధికారము లేక, తన హద్దులలోని వారందరికిని కట్టుబాటు విధించి, అవసరమైనచో బలముతో దానిని అమలుజరుపగల తుది అధికారమునకే సార్వభౌమత్వమని పేరు.

మన ప్రాచీనులు రాజ్యమును ఏడు అంగములుగా వర్ణించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రము ప్రకారము అవి స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు. అనగా పాలకుడు, మంత్రులును అధికారులును, జనులతో గూడిన దేశము, కోట, ధనాగారము, సైన్యము, స్నేహముగల పరరాజ్యము. వీనిలో దుర్గమనగా నెట్టిదో జగిత్యాల పట్టణమువారికి చెప్పనక్కరలేదు. పదునెనిమిదవ శతాబ్దమున కట్టిన కోట, దాని చుట్టునున్న కందకము వారి కన్నుల యెదుటనే యున్నవి.

ఈ శాస్త్రము మన ప్రాంతమునకు పరాయిది గాదు. నేడు రాజన్న సిరిసిల్ల జిల్లాలోనున్న వేములవాడ పదవ శతాబ్దమున చాళుక్య రాజుల రాజధాని. ఆ రాజుల ఆదరణ పొందిన జైనాచార్యుడు సోమదేవసూరి 959లో 'యశస్తిలకము' అను సంస్కృత కావ్యమును ముగించెను. ఆయనయే 'నీతివాక్యామృతము' అను రాజనీతి గ్రంథమును 32 ప్రకరణములుగా రచించెను. అందులో మొదటి సూత్రముననే ఆయన రాజ్యమునకు నమస్కరించి, ధర్మార్థకామములు దాని ఫలములని చెప్పెను. అనగా రాజ్యము చెట్టువంటిది. నీడయు ఫలములును జనులకు దక్కినపుడే ఆ చెట్టునకు విలువ.

అయినను ఆనాటి రాజ్యమునకును నేటి రాజ్యమునకును గొప్ప భేదము కలదు. 966లో మూడవ అరికేసరి అను రాజు వేములవాడలోని జినాలయము కొరకు సోమదేవసూరికి ఒక గ్రామమును దానము చేసెను. ఈ సంగతి పర్భణిలో లభించిన రాగిశాసనమువలన తెలియుచున్నది. దానము పుణ్యకార్యమే కావచ్చును. కాని ఒక గ్రామమును ఒకరు మరియొకరికి ఇచ్చివేయుట యనగా, ఆ గ్రామముపై వచ్చు ఆదాయము ఎవరికి చేరవలెనో నిర్ణయించునది రాజు ఒక్కడే యని యర్థము. గ్రామస్థుల సమ్మతి అను మాటకు ఆ పద్ధతిలో తావు లేదు.

అధికారము ఎందుకు పుట్టినది?

మరి జనులు ఒక పాలకునికి లోబడుట ఎందుకు? మహాభారతములోని శాంతిపర్వము దీనికొక సమాధానము చెప్పుచున్నది. పాలకుడు లేనపుడు నీటిలో పెద్ద చేప చిన్న చేపను మ్రింగినట్లు బలవంతుడు బలహీనుని మ్రింగెనట. దీనినే మాత్స్యన్యాయమందురు. అపుడు జనులు మనువును తమకు రాజుగా కోరుకొని, పశువులలోను బంగారములోను ఏబదియవ వంతు, ధాన్యములో పదియవ వంతు ఇచ్చుటకు ఒడంబడిరట. ఈ కథలో మనము గమనింపదగిన విషయము ఒకటి కలదు. పన్ను రాజు లాగుకొన్నది గాదు. రక్షణకు ప్రతిఫలముగా జనులు ఒప్పుకొన్నది.

ఐరోపాలోను ఇట్టి ఆలోచనయే పుట్టినది. అచటి మతయుద్ధముల కాలమున, 1576లో, ఫ్రాన్సు దేశస్థుడు జీన్ బొడాఁ సార్వభౌమత్వమును నిర్వచించెను. రాజ్యమునకు అఖండమైన, శాశ్వతమైన ఒక తుది అధికారము ఉండవలెననియు, అది లేనిచో కలహములకు అంతము లేదనియు ఆయన వాదము. ఇంగ్లండు అంతర్యుద్ధ కాలమున జీవించిన థామస్ హాబ్సు 1651లో ఇంకను ముందునకు పోయెను. ప్రాణభయము తొలగుటకై జనులు తమ స్వేచ్ఛను ఒక పాలకునికి ఒప్పగించిరనియు, ఒప్పగించిన పిదప అతనిని ప్రశ్నించు హక్కు వారికి లేదనియు ఆయన వ్రాసెను.

జాన్ లాక్ దీనిని అంగీకరింపలేదు. ప్రభుత్వము జనుల పక్షమున ఆస్తిని కాపాడు ధర్మకర్త వంటిదనియు, ధర్మకర్త నమ్మకద్రోహము చేసినచో జనులు అతనిని తొలగింపవచ్చుననియు ఆయన మతము. ఫ్రెంచి భాషలో వ్రాసిన రూసో 1762లో, సార్వభౌమత్వము జనులదే, దానిని వారు ఎవరికిని అమ్ముకొనలేరు అని చాటెను. ఈ ముగ్గురి తగవును మన మాటలలో చెప్పవలెనన్న ఇట్లుండును: ఊరిచెరువునకు కావలి పెట్టినాము, కావలివాడు చెరువు తనదేయనగలడా? హాబ్సు మాట విన్నచో అతడేమి చేసినను ఊరకుండవలెను. లాక్ మాట విన్నచో లెక్క అడిగి, అవసరమైనచో మార్చవచ్చును. రూసో మాట విన్నచో చెరువు ఎన్నటికిని ఊరివారిదే.

హైదరాబాదు చెప్పిన పాఠము

సార్వభౌమత్వము యొక్క చిహ్నములు వేరు, సార్వభౌమత్వము వేరు. నాణెము అట్టి చిహ్నములలో నొకటి. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డుననున్న కోటిలింగాలలో శాతవాహన వంశమునకు ఆద్యుడైన సిముకుని నాణెములు, అతనికి పూర్వులైన స్థానిక రాజుల నాణెములు దొరికినవి. తన పేర నాణెము వేయించుట పాలకుడు తన అధికారమును చాటుకొను విధము. కాని వేములవాడ చాళుక్యులవలె సింహాసనముండియు, పైనున్న రాష్ట్రకూట చక్రవర్తికి లోబడిన రాజులు మన చరిత్రలో అనేకులు.

నిజాము సంగతియు ఇట్టిదే. ఆయన ప్రభుత్వమునకు హాలీ సిక్కా అను సొంత నాణెము, సొంత తపాలా, సొంత రైల్వే, సొంత సైన్యము ఉండెను. అయినను బిరారు ప్రాంతము విషయమై ఆయన బ్రిటిషువారితో సమాన హోదాలో వాదించినపుడు, 1926 మార్చి 27న వైస్రాయి రీడింగు ప్రభువు ఒక లేఖ వ్రాసి, భారతదేశమున బ్రిటిషు రాజమకుటమే సర్వోన్నతమనియు, ఏ సంస్థానాధీశుడును దానితో సమానముగా బేరమాడజాలడనియు తేల్చి చెప్పెను. పైకి సార్వభౌములుగా కనబడినవారు నిజముగా ఎవరికి లోబడియుండిరో ఆ లేఖ బయటపెట్టినది.

సంస్థానము లోపల గూడ అధికారము ముక్కలై యుండెను. దివానీ భూములు ప్రభుత్వమువి, సర్ఫెఖాస్ భూములు నిజాము సొంతము, మిగిలినవి జాగీర్లు. కొన్ని పెద్ద జాగీర్లలోను సంస్థానములలోను పన్ను వసూలు, పోలీసు, న్యాయస్థానము సైతము జాగీర్దారు చేతిలో నుండెను. పక్కపక్కనున్న రెండు గ్రామముల ప్రజలు ఇరువురు వేర్వేరు యజమానులకు తలవంచవలసి వచ్చెను.

1947లో బ్రిటిషువారు వెడలిపోవుచు, సంస్థానములపై తమ పెత్తనము ముగిసినదనిరి. అపుడు అసలు ప్రశ్న తలయెత్తినది. ముగిసిన ఆ అధికారము ఎవరికి సంక్రమించును? రాజునకా, ప్రజలకా? తనకే సంక్రమించుననియు, హైదరాబాదు స్వతంత్ర రాజ్యముగా నుండుననియు నిజాము ప్రకటించెను. ప్రజలకే యని హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు వాదించి, స్వామి రామానందతీర్థ నాయకత్వమున 1947 ఆగస్టు 7న భారత యూనియనులో చేరవలెనని సత్యాగ్రహము ఆరంభించినది. అప్పటికే తెలంగాణ పల్లెలలో రైతులు దొరలపైని, వెట్టిపైని సాయుధులై పోరాడుచుండిరి. 1947 నవంబరు 29న ఏడాది కాలమునకు యథాతథపుటొడంబడిక కుదిరినది. రజాకార్ల దౌర్జన్యములు మితిమీరిన పిదప 1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించినది. 17న పోరు నిలిచిపోయినది.

తరువాతి మార్పు కాగితముపై జరిగినది గాని, దాని విలువ యుద్ధముకంటె తక్కువది గాదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినవి. 1949 నవంబరు 23న నిజాము ఒక ఫర్మానా వెలువరించి, భారత రాజ్యాంగమే హైదరాబాదునకు రాజ్యాంగమగునని అంగీకరించెను. మూడు దినముల పిదప, నవంబరు 26న, రాజ్యాంగసభ భారత ప్రజల పేర రాజ్యాంగమును ఆమోదించినది. 1950 జనవరి 26న ఆ రాజ్యాంగము పూర్తిగా అమలులోనికి వచ్చినపుడు, నిన్నటి ప్రభువు దానికి బద్ధుడైన రాజప్రముఖుడయ్యెను. 1952లో వయోజనులందరి ఓటుతో ఎన్నికలు జరిగి, మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయిరి.

1940లో కోరుట్లలో పుట్టిన మనిషిని తలచుకొందము. ఆయన ఇల్లు కదలకుండగనే నిజాము సంస్థానమున, భారతదేశములోని హైదరాబాదు రాష్ట్రమున, 1956 నుండి ఆంధ్రప్రదేశమున, 2014 జూన్ 2 నుండి తెలంగాణమున నివసించెను. ఊరు కరీంనగరు జిల్లాలో నుండి 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లాలో చేరినది. ప్రభుత్వములు మారినవి, హద్దులు మారినవి. 1950 నుండి మారనిది ఒక్కటే: ఈ అధికారములన్నిటికిని మూలము ప్రజలే యను సూత్రము.

రాజ్యాంగము గీసిన హద్దు

అయితే ప్రజలే సార్వభౌములైనపుడు, ప్రజలలో ఎక్కువమంది ఏమి కోరినను జరుగవలెనా? రూసోను తొందరపడి చదివినవారికి కలుగు సందేహమిది. మన రాజ్యాంగము దీనికి స్పష్టమైన సమాధానము చెప్పినది. ప్రజల అధికారము రాజ్యాంగము చూపిన మార్గమున నడువవలెను. ఆ మార్గమున ప్రతి మనిషి చుట్టును దాటరాని గీత యొకటి కలదు. ఆ గీతయే ప్రాథమిక హక్కులు. వానికి విరుద్ధమైన చట్టము చెల్లదని 13వ అధికరణము చెప్పుచున్నది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి తీర్పులో సుప్రీంకోర్టు, రాజ్యాంగమును సవరించు పార్లమెంటు సైతము దాని మౌలిక స్వరూపమును చెరుపజాలదని నిర్ణయించినది. దేశమంతటి ఓటర్ల ప్రతినిధులకే హద్దు ఉన్నపుడు, ఒక ఊరి పెద్దలకు హద్దు లేదనుట ఎట్లు?

గ్రామముల స్థానమును గురించి రాజ్యాంగసభలోనే తీవ్రమైన చర్చ జరిగినది. 1948 నవంబరు 4న డాక్టరు అంబేద్కరు మాట్లాడుచు, రాజ్యాంగ రచనలో గ్రామమును కాక వ్యక్తిని ప్రమాణముగా స్వీకరించినందుకు సంతోషము తెలిపిరి. గ్రామము సంకుచితత్వమునకును మత కుల భావములకును నెలవని ఆయన విమర్శించిరి. ఊరి కట్టుబాటు పేర అంటరానివారిగా వెలివేయబడినవారి బాధ ఆయనకు అనుభవములోనిది. ఆచార్య రంగా మున్నగు సభ్యులు ఈ విమర్శను ఎదిరించి, గ్రామస్వరాజ్యము లేని స్వరాజ్యము అసంపూర్ణమనిరి. నవంబరు 22న సంతానంగారి ప్రతిపాదనపై, గ్రామపంచాయతీలను ఏర్పరచి వానికి స్వపరిపాలనాధికారములు ఈయవలెనను నిబంధన చేరినది. అదియే నేటి 40వ అధికరణము.

ఈ రెండు పక్షములలో ఎవరు గెలిచిరి? ఇరువురును గెలిచిరని మా అభిప్రాయము. గ్రామమునకు స్వపరిపాలన లభించినది. వ్యక్తికి గ్రామమునుండి గూడ రక్షణ లభించినది. 1959 నవంబరు 1న ఆంధ్రప్రదేశమున పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడినవి. 1993 ఏప్రిల్ 24న 73వ సవరణ అమలులోనికి వచ్చి, పంచాయతీలకు రాజ్యాంగములోనే చోటు కల్పించినది. అయిదేండ్ల కాలపరిమితి, స్త్రీలకును షెడ్యూల్డు కులములకును తెగలకును రిజర్వేషను, గ్రామసభ, 29 అంశముల పట్టిక ఆనాటివి. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వాని వివరములను నిర్ణయించుచున్నది.

కావున పంచాయతీ అధికారము ఒక గొలుసువంటిది. ప్రజలు రాజ్యాంగమును చేసికొనిరి. రాజ్యాంగము శాసనసభకు అధికారమిచ్చినది. శాసనసభ చట్టము చేసినది. ఆ చట్టము క్రింద ఊరివారు ఓటువేసి మిమ్ములను ఎన్నుకొనిరి. ఉదయపు చాటింపు వెనుక ఈ గొలుసంతయు నున్నది. సాయంకాలపు చాటింపు వెనుక ఒక్క కొలికియు లేదు.

దండుగ వేయునది ఎవరు?

జర్మను పండితుడు మాక్స్ వెబరు 1919లో రాజ్యమునకు ఒక చిన్న నిర్వచనము చెప్పెను. ఒక భూభాగమున న్యాయసమ్మతముగా బలము ప్రయోగించు హక్కు తనకొక్కదానికే కలదని చెప్పుకొని నిలుపుకొనునది రాజ్యము. ఈ హక్కు ఎవరి చేతబడినచో ఏమగునో జగిత్యాల, సిరిసిల్ల గ్రామములకు అనుభవపూర్వకముగా తెలియును.

ఒకప్పుడు గడీలలో దొరలే తగవులు తీర్చి, దండుగలు వేసి, వెట్టిచాకిరి చేయించుకొనిరి. రాజ్యాంగము 23వ అధికరణములో వెట్టిని నిషేధించినను, చాలకాలము అది గడీ తలుపు దాటి లోనికి పోలేదు. 1970ల ఉత్తరార్ధమున రైతుకూలీ సంఘములు లేచినవి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో పెద్ద ప్రదర్శన జరిగినది. దొరలు వసూలు చేసిన దండుగలను తిరిగి ఇయ్యవలెనని కోరుటయు, కొన్ని గ్రామములలో దొరలనే సాంఘికముగా వెలివేయుటయు జరిగినవి. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. ఆ తరువాత ఏండ్ల తరబడి పల్లెలు ఇరువైపుల బలప్రయోగము నడుమ నలిగినవి. చట్టము బీదవాని ఇంటికి సకాలమున చేరకపోయినచో, ఆ ఖాళీలోనికి మరియొక అధికారము వచ్చి కూర్చుండునని ఆ చరిత్ర చెప్పుచున్నది.

నేడు గడీలు శిథిలములైనవి. అయితే ఉత్తర తెలంగాణ గ్రామములు అనేకములలో గ్రామాభివృద్ధి సంఘములను పేర కమిటీలు ఏర్పడియున్నవి. వీనిలో కొన్ని గుడులు కట్టించినవి, బడులకు సాయము చేసినవి, దారులు వేయించినవి. ఆ సేవను మేము తక్కువ చేయము. కాని కొన్ని కమిటీలు దండుగలు వేయుటయు, దుకాణములకు వేలములు పాడించుటయు, మాట వినని కుటుంబములను, కొన్ని చోట్ల ఒక కులమునంతను, వెలివేయుటయు పత్రికలలో తరచు వచ్చుచున్న సంగతియే.

సంఘము పెట్టుకొనుట పౌరుల హక్కు. 19వ అధికరణము దానిని కాపాడుచున్నది. సిరిసిల్ల మరమగ్గముల కార్మికులకు సంఘములున్నవి. కోరుట్లలో బీడీ కార్మికులకు సంఘములున్నవి. కులసంఘములు, యువజన సంఘములు, మహిళా పొదుపు సంఘములు ఎల్లెడలనున్నవి. మనిషి రాజ్యములో వలెనే ఇట్టి అనేక సంఘములలో గూడ జీవించుననియు, వానికిని గౌరవము కలదనియు ఇంగ్లండు పండితుడు హెరాల్డు లాస్కీ ఇరువదవ శతాబ్దమున నొక్కి చెప్పెను.

అయితే ఒక భేదమును మరువరాదు. కార్మిక సంఘమున చేరినవాడు ఇష్టము లేనిచో చందా మానివేసి వెలుపలికి రావచ్చును. ఊరిలో పుట్టినవాడు ఊరికి రాజీనామా ఈయలేడు. అతని ఇల్లు అచటనే, పొలము అచటనే, తండ్రి సమాధి అచటనే. వెలుపలికి పోజాలని మనిషిపై నడుపబడు అధికారము ఏదైనను, దాని పేరు ఏమైనను, అది రాజ్యాధికారమే. రాజ్యాధికారమునకు చట్టము, హద్దు, జవాబుదారీ తప్పక యుండవలెను. ఇవి లేని కమిటీ దండుగ వేసినపుడు, అది చందా అడుగుట లేదు. తానే సార్వభౌముడనని ప్రకటించుకొనుచున్నది.

నాలుగు ప్రశ్నలు

ఇట్టి సందర్భములలో పంచాయతీ సభ్యులు నాలుగు ప్రశ్నలు వేసికొనినచో త్రోవ తెలియును.

మొదటిది: ఏ చట్టము ఈ అధికారమిచ్చినది? చట్టముయొక్క అధికారము లేక ఏ పన్నును విధింపరాదని 265వ అధికరణము చెప్పుచున్నది. నేరముగా చట్టము పేర్కొనని పనికి ఎవరిని దోషిగా నిర్ణయింపరాదని 20వ అధికరణము చెప్పుచున్నది. చెత్త వీధిలో వేసినవానికి పంచాయతీ జరిమానా వేయవచ్చును. చట్టములో ఆ మాట ఉన్నది గనుక. చట్టములో లేని జరిమానాను పంచాయతీ గూడ వేయరాదు.

రెండవది: రశీదు ఏది, లెక్క ఏది? పంచాయతీ వసూలు చేసిన ప్రతి రూపాయికి పద్దు, ఆడిటు, గ్రామసభలో అడుగు హక్కు ఉన్నవి. కమిటీ దండుగ ఏ ఖాతాలో పడినదో అడిగినవానికే మరల దండుగ పడుచున్నచో, అది కోశము కాదు, దోపిడి.

మూడవది: అన్యాయము జరిగినదనుకొన్నవాడు ఎవరికి చెప్పుకొనవలెను? పంచాయతీ తీర్మానముపై పై అధికారులకును న్యాయస్థానములకును పోవచ్చును. వెలివేతపై అప్పీలు లేదు.

నాలుగవది: అందరికిని ఒకే కొలతయా? 14వ అధికరణము చట్టము ముందు సమానత్వమును, 15వ అధికరణము కుల మత భేదము లేక దుకాణములు, బావులు, చెరువులు, దారులు వాడుకొను హక్కును కల్పించుచున్నవి. 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసినది. షెడ్యూల్డు కులముల, తెగల వారిని సాంఘికముగా గాని ఆర్థికముగా గాని వెలివేయుట 1989 అత్యాచార నిరోధక చట్టము క్రింద నేరము. ఎవరినైనను బెదిరించి సొమ్ము వసూలు చేయుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత ప్రకారము నేరము. పొరుగుననున్న మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కారమును ఆపుటకు ప్రత్యేకముగా చట్టమే చేసినది.

మనము చేయదగినది

జనులు కమిటీల వద్దకు ఏల పోవుచున్నారు? కోర్టు దూరము, ఆలస్యము. పోలీసుస్టేషనుకు పోవుటకు సంకోచము. పంచాయతీ సమావేశములు సరిగా జరుగవు. ఈ ఫిర్యాదులో నిజమున్నది. కమిటీని తిట్టినంత మాత్రమున అది తీరదు. చట్టప్రకారము రెండు నెలలకొకమారు జరుగవలసిన గ్రామసభను నిజముగా జరిపి, లెక్కలు చదివి, బీదవాని ప్రశ్నకు గూడ సమాధానము చెప్పినచో, ఊరివారికి మరియొక సింహాసనము అవసరముండదు. తగవు వచ్చినచో ఇరుపక్షముల ఇష్టముతో రాజీ కుదుర్చుటలో తప్పు లేదు, అది పెద్దరికము. ఇష్టము లేనివానిపై దండుగ మోపుట పెద్దరికము గాదు. రాజీ కుదరని తగవును 1987 చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థలకును లోక్ అదాలతులకును పంపవచ్చును. అచట బీదలకు ఉచిత సహాయము లభించును.

2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచిన సర్పంచులకును వార్డు సభ్యులకును మా మనవి యిది. వెలివేత తీర్మానించు కూటమిలో మీరు కూర్చుండకుడు. పంచాయతీ కార్యాలయమును, మైకును, చాటింపును దానికి ఈయకుడు. ఆ కుటుంబమునకు నీరు, వీధిదీపము, రేషను, బడి యథావిధిగా అందుచున్నవో లేదో స్వయముగా చూడుడు. విషయమును వ్రాతమూలకముగా మండలాధికారులకు, పోలీసులకు తెలుపుడు. వెలివేయబడిన ఇంటి గడప మొదట త్రొక్కి పలుకరించువాడు వార్డు సభ్యుడే కావలెను. మిగిలినవారికి ధైర్యము అట్లు వచ్చును.

సోమదేవసూరి కాలమున గ్రామము రాజు చేతి దానము. నిజాము కాలమున జాగీర్దారు చేతి ఆదాయము. దొరల కాలమున గడీ చేతి చాకిరి. నేడు ఆ గ్రామము ఎవరి సొత్తును కాదు. అందలి ప్రతి మనిషి ఈ దేశపు సార్వభౌమత్వమున సమాన భాగస్వామి. మీ ఊరిలో ఇకమీద డప్పు మ్రోగినపుడు ఒక్క నిమిషమాగి, ఈ మాట వెనుక ఏ చట్టమున్నదని అడుగుడు. చట్టమున్నచో అమలుజరుపుడు. లేనిచో ఆ డప్పును ఆపించుట మీ బాధ్యత.